ఆట డబ్బాలో ఎండిపోయిన తడి

పాత టీవీ గేమ్‌ను దులిపి మళ్లీ పెట్టి చూడండి. మారియో పరిగెడతాడు, దూకుతాడు, పుట్టగొడుగు తిని పెద్దవాడవుతాడు. అంతా బాగానే ఉంది గానీ తెర మీద అడ్డంగా రెండు మసక పట్టీలు నిలబడి మెల్లగా పైకో కిందికో పాకుతుంటాయి. పాట వెనక సన్నగా గుయ్యిమనే రొద. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో టీవీలు బాగుచేసే పాతకాపుకి ఈ సంగతి చెబితే డబ్బా చూడకుండానే తేల్చేస్తాడు: "గీతలు పాకుతున్నాయా? అడాప్టర్లో కండెన్సరెల్లిపోయుంటాది బాబూ."

ఆయన మాట నూటికి తొంభైపాళ్లు నిజమవుతుంది. పట్టీలు రెండే ఎందుకన్నది చూస్తే కారణం కూడా బయటపడుతుంది. మన ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అడాప్టర్‌లోని నాలుగు డయోడ్లు కిందికి దిగే సగాన్ని కూడా పైకి తిప్పేస్తాయి కాబట్టి లోపలికి సెకనుకు 100 గుబ్బలు వస్తాయి. మన టీవీ పద్ధతిలో తెర సెకనుకు 50 సార్లు నిండుతుంది. తెర నిండిన ప్రతిసారీ రెండు గుబ్బలు పడతాయి, అవే ఆ రెండు పట్టీలు. ఒక డయోడ్ కూడా పోయిందంటే ఒకే పట్టీ కనిపిస్తుంది. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ కచ్చితంగా 50 దగ్గర ఆగదు, 49.90కీ 50.05కీ మధ్య ఉండాలన్నది నిబంధన. డబ్బా మాత్రం తన క్రిస్టల్ లెక్క ప్రకారం నడుస్తుంది. ఆ కాస్త తేడాకే పట్టీలు పాకుతాయి. ఓపికుంటే అవి ఎటు పాకుతున్నాయో చూసి దేశం గ్రిడ్ ఆ నిమిషాన ఎలా ఉందో ఊహించొచ్చు. మారియో ఆడే పిల్లలకు ఇంత ఓపిక ఉండదనుకోండి.

ఈ డబ్బాల మూలం జపాన్‌లో ఉంది. 1983 జులై 15న నింటెండో అక్కడ 'ఫ్యామిలీ కంప్యూటర్' అనే ఆట యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. దాని చిప్‌లను తైవాన్ కంపెనీలు అనుకరించాయి, ఆ అనుకరణలే చౌక డబ్బాలుగా ప్రపంచమంతా పాకాయి. మన దేశంలో సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో దొరికినవి ఈ వంశానివే. 60 పిన్నుల కార్ట్రిడ్జ్‌ను మనం 'క్యాసెట్' అన్నాం. దాని మీద 9999999 ఆటలని రాసి ఉండేది, లోపల మాత్రం పట్టుమని పాతిక కూడా ఉండేవి కావు. తర్వాతి కాలం డబ్బాలు విప్పితే గోధుమరంగు బోర్డు మీద నల్లటి జిగురుబొట్టు ఒకటి కనిపిస్తుంది. మొత్తం కంప్యూటర్ ఆ బొట్టు కింద చిన్న సిలికాన్ ముక్కలో ఉంటుంది. పక్కన 7805 అనే మూడుకాళ్ల రెగ్యులేటర్, నాలుగైదు చిన్న స్తంభాల్లాంటి కెపాసిటర్లు, అంటే ఆ పాతకాపు చెప్పిన కండెన్సర్లు.

ఆ సిలికాన్ ముక్క అంత తేలిగ్గా చావదు. ఆటను దాచుకున్న మాస్క్ రోమ్‌లో సమాచారం తయారీలోనే అచ్చయిపోతుంది కాబట్టి అదీ చెక్కుచెదరదు. డబ్బాలో వయసు మీదపడేది తడి ఉన్న భాగానికే.

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌ను కోసి చుట్ట విప్పితే రెండు అల్యూమినియం రేకులు, వాటి మధ్య ద్రవంలో నానిన కాగితం కనిపిస్తాయి. రేకు పైభాగాన్ని రసాయనాలతో కొరికించి గరుకు చేస్తారు, దానివల్ల వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. తర్వాత విద్యుత్తు పంపి దానిపై అల్యూమినియం ఆక్సైడ్ పొర పెంచుతారు. ఈ పొర మందం వోల్టుకు సుమారు ఒకటిన్నర నానోమీటర్లు మాత్రమే. ఇంత పల్చన కాబట్టే చిటికెన వేలంత డబ్బీలో 1000 మైక్రోఫారడ్‌లు ఇమిడిపోతాయి. ఆక్సైడ్ పొరకు అవతలి వైపు నిజంగా పనిచేసేది రెండో రేకు కాదు, ద్రవమే. రేకులోని ప్రతి గుంటలోకీ దిగి పొరను ఆనుకుని ఉండగలిగేది అదొక్కటే. ద్రవం తగ్గిపోతే రేకు ఎంత వెడల్పున్నా లాభం లేదు. కెపాసిటర్ సామర్థ్యం పడిపోతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది.

ఏతం ఎరిగినవాళ్లకు దీని పని చెప్పడం సులువు. బాన పైకొచ్చినప్పుడల్లా నీళ్లు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది, మడిలోకి మాత్రం కాలవ నిలకడగా పారాలి. అందుకే బాన ఒంపే చోట చిన్న గుంత ఉంచుతారు. బాన దిగి మళ్లీ పైకొచ్చేదాకా కాలవకు నీళ్లు అందించేది ఆ గుంతే. అందులో ఒండ్రు మేట వేస్తే కాలవ కూడా బానలాగే ఆగి ఆగి పారుతుంది.

లెక్క కూడా కష్టమేం కాదు. డబ్బా 300 మిల్లీఆంపియర్లు లాగుతోందనుకుందాం. గుబ్బకూ గుబ్బకూ మధ్య ఎడం 10 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ మీద వోల్టేజి సుమారు 3 వోల్టులు దిగుతుంది. గుబ్బ శిఖరం 11 వోల్టులైతే అడుగు 8. 7805కి 5 వోల్టులు తిన్నగా ఇవ్వడానికి కనీసం 7 వోల్టులు కావాలి కాబట్టి 8 చాలు, చిప్‌కు పైన జరిగేది తెలియనే తెలియదు. కెపాసిటర్ ఎండి సగానికి పడిపోయిందనుకోండి, అప్పుడు దిగేది 6 వోల్టులు, మిగిలేది 5. సెకనుకు వందసార్లు రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది. తెర మీద పట్టీలుగా, స్పీకర్‌లో రొదగా మనకు తెలిసేది అదే.

ధ్వని దారిలో ఉండే చిన్న కెపాసిటర్ ఎండితే లక్షణం వేరేలా ఉంటుంది. 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ 10 వేల ఓమ్‌ల దారిలో 16 హెర్ట్జ్ నుంచి పైనున్న శబ్దాలన్నిటినీ దాటనిస్తుంది. అది పదో వంతుకు తగ్గితే 160 హెర్ట్జ్ కిందివన్నీ బలహీనపడతాయి. ఈ యంత్రాల్లో పాటకు అడుగుస్వరం వేసేది త్రిభుజాకారపు తరంగం పుట్టించే ఒక చానెల్. ముందుగా మాయమయ్యేది దాని గాంభీర్యమే. 'కాంట్రా' ఆటలో పాట పల్చబడింది అనిపిస్తే అది చిన్ననాటి జ్ఞాపకాల మాయ కాకపోవచ్చు.

ఎండడం ఎంత వేగంగా జరుగుతుందన్నదానికి తయారీదారులు వాడే మోటు సూత్రం ఒకటుంది. వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు, పెరిగితే సగం. డబ్బీ మీద 85 డిగ్రీలని రాసి ఉండి 2000 గంటల హామీ ఉన్నదనుకోండి, 45 డిగ్రీల్లో అది 32,000 గంటలు, అంటే ఆపకుండా నడిస్తే మూడున్నరేళ్ల పైచిలుకు. 105 డిగ్రీల రకమైతే అదే చోట 1,28,000 గంటలు వస్తుంది, పద్నాలుగేళ్లు దాటుతుంది. చౌక డబ్బాల్లో వేసింది ఎక్కువగా మొదటి రకమే. రోజుకు గంట ఆడితే మూడున్నరేళ్ల ఆయుష్షు ఎన్నో దశాబ్దాలు రావాలి కదా అంటారేమో. కెపాసిటర్ అడుగున కాళ్లు బయటికొచ్చే చోట రబ్బరు బిరడా ఉంటుంది, ద్రవం దానిగుండా ఆవిరై పోతూనే ఉంటుంది. స్విచ్ వేశామా లేదా అన్నది దానికి పట్టదు. రేకుల ఇంట్లో అటక మీద పెట్టిన డబ్బా ఇరవై మే నెలలు ఆ వేడిలోనే గడుపుతుంది. పైగా కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి ఉంటే ఆక్సైడ్ పొర కూడా అక్కడక్కడా బలహీనపడి కరెంటు జారిపోనిస్తుంది.

కండెన్సర్ మార్చడం మన ఇళ్లకు కొత్తేమీ కాదు. ఫ్యాను నెమ్మదిస్తే 2.5 మైక్రోఫారడ్‌ది తెచ్చి వేయించుకుంటాం. అయితే అది వేరే జాతి. అందులో తడి ఉండదు, లోహపు పూత పూసిన ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఎక్కడైనా చిల్లు పడితే చుట్టూ ఉన్న పూత కాలి ఆవిరై ఆ మచ్చ తనంతట తానే మూసుకుంటుంది. అలా మచ్చ మచ్చకూ కాస్త సామర్థ్యం పోతుంది, ఫ్యాను వేగం ఏటికేడూ తగ్గుతుంది. దానికి ప్లస్, మైనస్ లేవు, ఎటు కలిపినా తిరుగుతుంది. ఆ అలవాటుతో ఆట డబ్బాలోని ఎలక్ట్రోలైటిక్‌ను తలకిందులుగా అతికిస్తే మాత్రం ఆక్సైడ్ పొర కరిగిపోయి, ద్రవం మరిగి, డబ్బీ ఉబ్బి పేలుతుంది.

వయసు వల్లే కాక దెబ్బ తగిలి పోయేవీ ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో వేల స్తంభాలు నేలకూలాయి, ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు తుడిచిపెట్టుకుపోయాయి. అలాంటి గాలివానల్లో లైన్ల మీద న్యూట్రల్ తీగ ఒక్కటే తెగితే 230 వోల్టులు రావాల్సిన ఇంటికి 400 దగ్గరగా రావచ్చు. అప్పుడు బల్బులతో పాటు అడాప్టర్లూ పోతాయి. తుపాను తర్వాత సరఫరా వచ్చిన మొదటి గంటలో పాత సామాన్లేవీ ప్లగ్గులో ఉంచకపోవడం మేలు.

డబ్బా విప్పే ముందు రెండు పనులు చేయాలి. మొదటిది, వేరే అడాప్టర్ పెట్టి చూడడం. ఇక్కడో మెలిక ఉంది. అసలు ఫ్యామిలీ కంప్యూటర్ ప్లగ్గుకు మధ్యలో మైనస్, బయట ప్లస్. దాని అనుకరణల్లో చాలావాటికీ అంతే. ఇప్పుడు దొరికే అడాప్టర్లు ఎక్కువగా దీనికి వ్యతిరేకం. వెనక ఉన్న గుర్తు చూడకుండా గుచ్చితే బాగున్న కెపాసిటర్ కూడా పోతుంది. రెండోది, క్యాసెట్ పిన్నులు శుభ్రం చేయడం. బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరితే తప్పు కెపాసిటర్‌ది కాదు, చాలాసార్లు పిన్నులదే. కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి రాగి త్వరగా మసకబారుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో తుడవాలి. చిన్నప్పుడు మనమంతా చేసినట్టు నోటితో ఊదితే అప్పటికి ఆట మొదలవుతుంది గానీ ఆ తేమ తుప్పును పెంచుతుంది.

తలపై గీతలున్న పెద్ద కెపాసిటర్ ఉబ్బితే కంటికే తెలుస్తుంది. పేలకుండా ముందే తెరుచుకోవాలని ఆ గీతలు కావాలనే కోస్తారు. చిన్నవాటికి గీతలుండవు, ఉబ్బకుండానే ఎండిపోతాయి. మల్టీమీటర్ సామర్థ్యం చెబుతుంది, లోపలి నిరోధం కొలవాలంటే ఈఎస్‌ఆర్ మీటర్ కావాలి. బోర్డు మీద ఉండగా కొలిస్తే పక్కవాటి విలువలు కలిసి మోసం చేస్తాయి కనుక అనుమానం వచ్చినదాని కాలు ఒకటి విప్పి కొలవడం మంచిది.

మార్చేటప్పుడు ముందు ఫోటో తీసుకోండి. డబ్బీ పక్కన గీత ఉన్న కాలు మైనస్. బోర్డు మీద ముద్రించిన గుర్తును మాత్రం పూర్తిగా నమ్మలేం, గీతలతో నింపిన సగం ఒక తయారీదారుకు మైనస్ అయితే మరొకరికి ప్లస్. కొత్తదానికి మైక్రోఫారడ్‌లు అంతే ఉండాలి, కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. వోల్టులు మాత్రం తగ్గకూడదు. 9 వోల్టులని రాసిన పాతరకం అడాప్టర్ లోడు లేనప్పుడు 12, 13 దాకా ఇస్తుంది, ఇంటి కరెంటు ఎక్కువున్న రాత్రుల్లో ఇంకా పైకి పోతుంది. అందుకే 16 ఉన్నచోట నేనైతే 25 వేస్తాను, 105 డిగ్రీల రకమే వేస్తాను. గోధుమరంగు బోర్డులకు రాగి గీతలు ఒకవైపే, అవీ బలహీనం. 25 వాట్ల ఐరన్‌తో కొత్త లెడ్ కాస్త కలిపి కరిగించి, పంపుతో లాగేయాలి. కాళ్లు పట్టుకుని గుంజితే రాగి రేకు కూడా ఊడొస్తుంది. బోర్డు మీద ఉండే వోల్టేజి ప్రమాదకరం కాదు. అడాప్టర్ సంగతి వేరు. తేలికగా ఉండే కొత్తరకం అడాప్టర్లలో ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్ మీద 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు, వాటిని బాగుచేసే కన్నా కొత్తది కొనడం నయం. పిక్చర్ ట్యూబు టీవీ వెనక మూత జోలికి అసలే వెళ్లొద్దు.

చౌక డబ్బాలకు ఈ పని తేలిక. ఖరీదైన వాటికే కష్టం ఎక్కువ. 1990లో వచ్చిన సెగా గేమ్ గేర్‌లో బోర్డుకు అంటుకుని ఉండే బుల్లి కెపాసిటర్లు వేశారు. ఆ కాలంలో వాడిన ఒక రకం ద్రవం రబ్బరు బిరడాను పాడుచేసి బయటికి కారేది, కారి రాగిని తినేసేది. అలాంటి బోర్డుకు ఐరన్ తాకిస్తే చేపల కంపు కొడుతుంది. అందులోని అమైన్ జాతి పదార్థాల వాసన అది. ఆ వాసనొస్తే కెపాసిటర్ మార్చి ఊరుకోకూడదు, బోర్డు కడిగి గీతలు ఎక్కడ తెగాయో వెతకాలి. 2001 నాటి మొదటి ఎక్స్‌బాక్స్‌లో గడియారం కోసం పెట్టిన కెపాసిటర్‌దీ ఇదే దారి. దాన్ని తీసి పారేస్తే చాలు, ఆట ఆగదు, తేదీ మాత్రం గుర్తుండదు.

డబ్బాలో ఉన్నవన్నీ ఒకేసారి మార్చేయాలన్న పట్టుదల కొందరికి ఉంటుంది. కారే రకాలకైతే అది సరే. మన గోధుమరంగు బోర్డుకు మాత్రం విప్పిన ప్రతి కాలూ ఒక ప్రమాదం. పప్పుబద్దల్లా కనిపించే సిరామిక్ కెపాసిటర్లలో ఎండిపోయే తడి లేదు, వాటిని కదపక్కర్లేదు. మీటర్ బాగుందని చెప్పిన ఎలక్ట్రోలైటిక్‌నూ వదిలేయొచ్చు. అడాప్టర్‌లోది, రెగ్యులేటర్ ముందున్నది, ధ్వని దారిలోది, ఈ మూడూ చూస్తే చాలావరకు పని అయిపోతుంది.

అతికించాక క్యాసెట్ పెట్టకుండా స్విచ్ వేసి 7805 చివరి కాలు దగ్గర 5 వోల్టులు ఉన్నాయో లేదో చూడండి. ఓ పది నిమిషాలాగి కొత్త కెపాసిటర్‌ను వేలితో తాకండి. వెచ్చగా ఉంటే తలకిందులుగా వేశారన్నమాట, వెంటనే ఆపేయాలి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినప్పుడు చౌకగా ఉన్నాయని డజను కెపాసిటర్లు తెచ్చి దాచుకోవాలనిపిస్తుంది. సొరుగులో ఉన్నవి కూడా ముసలివవుతూనే ఉంటాయి. ఇప్పుడు కావలసినవి రెండో మూడో తెచ్చుకోండి, కొనేటప్పుడు డబ్బీ మీద తయారీ సంవత్సరం గుర్తు ఉంటే చూసి మరీ తీసుకోండి.