మే నెలలో చూడాల్సిన పొలం

వానాకాలంలో ఏ పొలమైనా ముచ్చటగానే కనిపిస్తుంది. ఆయిల్‌ పామ్‌ వేద్దామనుకునే రైతు భూమిని చూడాల్సింది మాత్రం మే నెలలో, రోహిణి కార్తె ఎండల్లో. నేల కన్నా ముందు బోరును చూడాలి.

వంటనూనెల జాతీయ మిషన్‌ కింద 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్‌ పామ్‌ పథకాన్ని ఆమోదించింది. ఒకప్పుడు గోదావరి జిల్లాలు, అశ్వారావుపేట పరిసరాల పంటగా ఉన్నది ఇప్పుడు తెలంగాణ మెట్ట జిల్లాలకూ పాకింది. మొక్కలకూ డ్రిప్‌కూ రాయితీ ఉంది. నీటికి మాత్రం ఎవరూ పూచీపడరు.

ఇది పశ్చిమ ఆఫ్రికా తేమ అడవుల చెట్టు. ఎకరాకు 57 మొక్కలు పడతాయి. కాపుకొచ్చిన చెట్టుకు వేసవిలో రోజుకు 250 లీటర్లు అనుకున్నా ఎకరాకు 14 వేల లీటర్లు, ఐదెకరాలకు 70 వేలు దాటుతాయి. నీళ్ళు లేని యాసంగిలో వరి మడిని బీడు పెట్టొచ్చు. చెట్టును అలా వదిలేయలేం.

పైగా నీరు తగ్గిన సంగతి చెట్టు వెంటనే చెప్పదు. లోపల రూపుకడుతున్న పూగుత్తుల్లో ఆడవి తగ్గి మగవి పెరుగుతాయి. గెల కట్టేది ఆడ పూగుత్తే. అది బయటపడి గెలయ్యేసరికి రెండేళ్ళు పడుతుంది. అంటే ఈ వేసవిలో బోరు ఎండితే, ఆ దెబ్బ వానలు బాగా కురిసిన మరో ఏడాదిలో తెలియవచ్చు. అప్పుడు రైతు ఎరువును అనుమానిస్తాడు, నర్సరీని తిడతాడు. అందుకే పదెకరాలకు రాయితీ వస్తుందని పదెకరాలూ నాటడం తప్పు. నడివేసవిలో బోరు ఎంత మేర తడపగలదో అంతే నాటాలి.

నేల విషయంలో ఇంత పట్టింపు లేదు. నీరు ఇంకే ఒండ్రు నేల, లోతైన ఎర్ర గరప నేల బాగుంటాయి. చౌడు, నీరు నిలిచే పల్లం, తీరపు ఇసుక వద్దు. పైపైన దోసెడు మట్టి తీసి పరీక్షకిస్తే చాలదు. గుంత తవ్వి అడుగడుగు లోతుకూ నమూనా తీయాలి. కింద రాతి పొర ఉంటే అప్పుడే బయటపడుతుంది.

కోసిన గెల 24 గంటల్లో మిల్లు చేరాలి. ఆలస్యమైతే నూనె నాణ్యత పడిపోతుంది. సంతలో అమ్ముకునే సరుకు కాదిది. మండలాలను కంపెనీలకు పంచేశారు, మన గెల ఆ కంపెనీకే వెళ్ళాలి. కాబట్టి ఆ మిల్లు నడుస్తోందా, శంకుస్థాపన దగ్గరే ఆగిందా, ముసురు పట్టినా పొలం దాకా ట్రాక్టర్‌ వస్తుందా అన్నవి భూమి చూసే రోజే తేల్చుకోవాలి.

ఇంకొకరి సంగతి కూడా ఉంది. కాపు నాలుగో ఏట మొదలై పాతికేళ్ళకు పైగా సాగుతుంది. ఏడాదికో ఒప్పందం మీద బతికే కౌలు రైతుకు ఇందులో చోటు లేదు. నీటి వసతి ఉన్న చేను తోటగా మారితే, ఆ ఊళ్ళో అతనికి దొరికే మంచి భూమి అంత మేర తగ్గిపోతుంది. దరఖాస్తు పరిశీలనకు పొలానికొచ్చే అధికారి ఇప్పటిదాకా అక్కడ సేద్యం చేసిందెవరో కూడా అడిగి రాసుకోవాలి.