పాలపిట్టను పంజరంలో కాదు, పొలం గట్టున చూద్దాం

దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమని మన పల్లెల్లో పెద్దల నమ్మకం. ఈ నమ్మకాన్ని ఆసరా చేసుకుని కొందరు పిట్టను పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి ఇంటింటా చూపి డబ్బులు అడుగుతుంటారు. ఇలా చిక్కిన పిట్టలు తిండీ నీళ్లూ లేక చనిపోవడం కద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. పైగా 2014 నుంచి పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి.

నిజానికి దాన్ని చూడటానికి పైసా ఖర్చు అక్కరలేదు. బతుకమ్మ పూలకు పోయే రోజున కాస్త నిదానంగా తిరిగితే చాలు.

మెదక్ జిల్లాలో పోచారం అడవి అంచున, చెలకల గట్లమీద ఆ రోజుల్లో తంగేడు విరగబూస్తుంది. జొన్న, పత్తి చేలల్లో గునుగు తలలెత్తి వుంటుంది. తంగేడు ఆకు తిని కొన్ని సీతాకోకచిలుకల పిల్లపురుగులు పెరుగుతాయి. కనుక కొమ్మలు విరవకుండా పూలు మాత్రమే తెంపుకోవడం మంచిది.

పొద్దెక్కిన తర్వాత కరెంటు తీగలమీద, మోడుల మీద చూడండి. కూర్చున్నప్పుడు పాలపిట్ట మట్టిరంగులో సాదాగా వుంటుంది. మిడత కోసం నేలకు దూకినప్పుడే రెక్కల్లోని నీలం మెరుస్తుంది. రెక్కలు కట్టిన పిట్టలో ఆ అందం కనిపించదు. ఎండిన తాటి మోడు తొర్రల్లో ఇది గూడు పెడుతుంది. అటువంటి మోడులు అడ్డం లేకుంటే కొట్టవద్దు.

చీకటి పడ్డాక వాకిట్లో దీపం దగ్గర చూడండి. ఘనపురం ఆనకట్ట కింద వరి వేసిన ఊళ్లలో పసుపు రంగు చిన్న రెక్కల పురుగులు వాలుతాయి. రెక్కకొక నల్లచుక్క వుంటే అది కాండం తొలిచే పురుగు తల్లి. అది పెట్టిన గుడ్ల నుంచి వచ్చే పురుగు తొలిచినందువల్లనే కంకి తెల్లబోతుంది. ఇలాంటి రెక్కల పురుగులను మునిమాపున గాలిలోనే పట్టి తినేది పసుల పోలిగాడు. చేలో అక్కడక్కడా కర్రలు పాతితే అది వచ్చి వాలుతుంది.

మిడతలను పాలపిట్ట, రెక్కల పురుగులను పోలిగాడు తింటుంటే రైతుకు అంతమేరకు మందు ఖర్చు తగ్గుతుంది. కాబట్టి పంజరం పట్టుకుని వచ్చేవారికి డబ్బులివ్వకండి. అటవీ శాఖ వారికి కబురు చేయండి. పిల్లలను వెంటబెట్టుకుని గట్టుకు పోయి, ఎగిరే పాలపిట్టను చూపండి.