చేపల పంక్తిభోజనము

అనంతపురము పీఠభూమి వానకు మొగము వాచిన నేల. నైరుతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనములు ఇంతదూరము వచ్చునప్పటికి బలము తగ్గును. అందుచేత ఇచట సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. ఆ కొద్ది నీటిని నిలుపుకొనుటకే పూర్వులు చెరువులు కట్టించిరి. విజయనగర రాజుల కాలమునాటి బుక్కరాయసముద్రము, బుక్కపట్నము చెరువులు నేటికిని కలవు. వీనిలో బుక్కపట్నము 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఇప్పుడు రైతులు తమ పొలములలోనే సేద్యపు కుంటలను త్రవ్వించుకొనుచున్నారు.

కుంటనీరు పైరును తడుపుటకే గాక చేపలను పెంచుటకును ఉపకరించును. కాని ఆ నీరు ఏడాది పొడుగునను నిలువదు. భాద్రపద, ఆశ్వయుజ మాసములలో నిండిన కుంట వేసవి ముదురునప్పటికి అడుగంటును. ఆ కొలది నెలలలోనే చేపలన్నియు అమ్మకమునకు తగినంత ఎదుగవలెను. వెనుకబడిన చేపకు మరియొక గడువు లేదు.

మేత వేయుట సులభమైన పనియే కదా యని మీరు తలపవచ్చును. ఒకడు గట్టుపై నిలిచి గంపెడు మేతను ఒకేచోట చల్లెననుకొనుడు. పెద్ద చేపలు ఒక్కుమ్మడిగా వచ్చి పడును. చిన్నవి బెదరి దూరముగా తొలగును. కొంతసేపటిలో మేత యంతయు మాయమగును. అన్నింటికిని కడుపు నిండినదని వాడు సంతసించును. కాని నీటిలో జరిగినది వేరు. ముందు తిన్నది పెద్దదగును. పెద్దదైనది మరునాడును ముందే తినును. చిన్నది నానాటికి చిక్కిపోవును.

పెద్ద చేప చిన్న చేపను మ్రింగుటను మన పెద్దలు మత్స్యన్యాయమనిరి. పాలించువాడు లేనిచోట బలవంతుడు బలహీనుని మ్రింగునని చెప్పుటకు కౌటిల్యుని అర్థశాస్త్రము ఈ పోలికనే చూపినది. చిన్నదాని మేతను అపహరించుటయు ఆ న్యాయములోనిదే.

దీనికి మందేమి? మేతను పెంచుట మాత్రము కాదు. మిగిలిన మేత కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును హరించును. అప్పుడు పెద్దవియు చిన్నవియు కలిసియే చచ్చును.

మొదటి ఉపాయము సహవాసమును ఎన్నుకొనుట. బొచ్చె, శీలావతి, మోసు అను మూడు చేపలను కలిపి పెంచుట మన దేశమున వాడుక. బొచ్చెకు నోరు పైకి తిరిగియుండును. అది పైనీటిలో తేలియాడు సూక్ష్మజీవులను తినును. శీలావతి నడిమినీటిలో మేయును. మోసు అడుగుననున్న కుళ్లిన ఆకులలములను ఏరుకొనును. ఒకే కుంటలో మూడు అంతస్తులు, మూడు పంక్తులు! కాని కొరమేను, వాలుగ వంటివి ఇతర చేపలను తినునవి. వానికి ఈ కుంటలో చోటీయరాదు. కుంట ఎండినచో వాలుగ నశించును గాని, కొరమేను గాలిని పీల్చి తడిబురదలో కొంతకాలము బ్రతుకగలదు. కావున పిల్లలను విడుచుటకు ముందే దానిని వెదకి తీసివేయవలెను.

రెండవది ఒకే ఈడు పిల్లలను విడుచుట. బొచ్చె, శీలావతి, మోసు నిలువనీటిలో సహజముగా గ్రుడ్లు పెట్టవు. పూర్వము వాని పిల్లలను నదులలో పట్టి తెచ్చెడివారు. 1957లో హీరాలాల్ చౌదరి అను శాస్త్రజ్ఞుడు ఒరిస్సాలో పీయూషగ్రంథి రసమును ఎక్కించి, ఇట్టి చేపలచే గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యుడయ్యెను. అందుచేత ఒకే పరిమాణముగల పిల్లలు నేడు లభించుచున్నవి. వ్రేలెడు పొడవు పెరిగినవానిని విడుచుట మేలు. మరీ చిన్నవి కప్పలకును పాములకును ఆహారమగును.

మూడవది మేతను పంచుట. అనంతపురము వేరుశెనగకు పేరుపొందినది. గానుగలో నూనె తీయగా మిగిలిన వేరుశెనగ చెక్కను, వరితవుడును సమపాళ్లుగా కలిపిన మేత చేపలకు మంచి బలము. మేత సాధారణముగా చేపల మొత్తము బరువులో నూటికి 2 మొదలు 5 పాళ్లుండును. 500 చేపలు ఒక్కొక్కటి 100 గ్రాములున్నచో మొత్తము 50 కిలోలు. నూటికి 3 పాళ్ల చొప్పున దినమునకు కిలోన్నర మేత కావలెను. దానిని ఒకేచోట గాక నాలుగైదు చోట్ల ఉంచవలెను. కొల్లేటి ప్రాంతపు రైతులు రంధ్రములు చేసిన సంచులలో మేత నింపి, వెదురుగడలకు కట్టి నీటిలో వ్రేలాడదీయుదురు. చేపలు ఆ రంధ్రముల నుండి కొంచెము కొంచెముగా తినును. ఎంత బలమైన చేపయైనను సంచెడు మేతను ఒక్క గ్రుక్కలో మ్రింగజాలదు. చిన్నవి మరీ వెనుకబడినచో లోతు తక్కువచోట సన్నని సందులుగల తడికను నాటి, లోపల వానికి మెత్తని మేత వేయవచ్చును. చిన్నవి సందులలో దూరును. పెద్దవి వెలుపల నిలిచిపోవును.

మేతకు వేళయు ముఖ్యమే. రాత్రియంతయు వాడుకపడుటచే తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గియుండును. ఆ వేళ చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుట ఆకలికి గాదు, ఊపిరికి. ప్రొద్దెక్కిన పిమ్మట, ప్రతిదినము ఒకే వేళకు మేత పెట్టవలెను.

వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చుండినను కొదవలేదని మనలో సామెత కలదు. కుంటలో వడ్డించువాడు రైతు. బలమైన చేప తన పాలు తానే తీసికొనగలదు. కడపంక్తిలోని చిన్నచేపకు మాత్రము వాని చేయియే ఆధారము. ఆ చేపయు ఎదిగిననాడే, కరవుసీమలో నిలిచిన కొద్దినీరు వ్యర్థము గాలేదని చెప్పవచ్చును.