పార్టీలు ఎలా పుడతాయి?



విజ్ఞాన యాత్రలో చార్మినార్ చూసి వస్తుంటే పాతబస్తీ గోడ మీద గాలిపటం బొమ్మ కనబడింది. "అదేంటి సార్?" అని అడిగితే "మజ్లిస్ పార్టీ గుర్తు" అన్నారు మన సోషల్ సార్. అసలు పార్టీలు ఎందుకు పుడతాయి అని నాకు అనుమానం వచ్చింది. సార్‌ని అడిగి, లైబ్రరీలో చదివి తెలుసుకున్నది రాస్తున్నాను.

నిజాం రాజ్యంలో ప్రజలందరికీ ఓటు లేదు. అందుకని మొదట సంఘాలే పుట్టాయి. 1921లో హైదరాబాదులో ఒక సభలో ఒకాయన తెలుగులో మాట్లాడితే గేలి చేశారట. ఆ అవమానంలోంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. మన భాష విని నవ్వేవాళ్ళను మనమూ చూశాం కదా! 1927లో ముస్లింల ఐక్యత కోసమని మజ్లిస్ ఏర్పడింది. 1938లో స్టేట్ కాంగ్రెస్ పెట్టబోతే పుట్టకముందే నిషేధించారు.

మజ్లిస్‌కు 1946లో కాసిం రజ్వీ నాయకుడయ్యాడు. అతని రజాకార్లు ఊళ్ళ మీద పడి దౌర్జన్యాలు చేశారు. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది. రజ్వీ జైలుకెళ్ళాడు. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. 1958లో అబ్దుల్ వాహెద్ ఒవైసీ మజ్లిస్‌ను మళ్ళీ నిలబెట్టారు.

అప్పటికి కాలం మారింది. 1952 ఎన్నికలతో పెద్దవాళ్ళందరికీ ఓటు వచ్చింది. ఇక కత్తి పట్టి లాభం లేదు, గల్లీ గల్లీ తిరిగి ఓటు అడగాల్సిందే. వాహెద్ కొడుకు సలావుద్దీన్ 1962లో పత్తర్‌గట్టి నుంచి ఎమ్మెల్యేగా, 1984లో హైదరాబాద్ ఎంపీగా గెలిచారు. 2004లో ఆయన కొడుకు అసదుద్దీన్ ఎంపీ అయ్యారు. పార్టీ ఒకే ఇంట్లో ఉండిపోవడం మంచిదేనా? ఇది చాలా పార్టీలను అడగాల్సిన ప్రశ్న.

అలాగని ఓటర్లు ఊరుకోరు. 1993లో పార్టీ చీలి మజ్లిస్ బచావో తహ్రీక్ వచ్చింది. 1994 అసెంబ్లీ ఎన్నికల్లో కొత్త పార్టీకి 2 సీట్లు, పాతదానికి 1 సీటే వచ్చాయి. 1999లో పాతది మళ్ళీ 4 గెలిచింది. ఓడినవాళ్ళు మళ్ళీ ప్రజల దగ్గరికే రావాలి. ప్రజాస్వామ్యం అంటే ఇదే అని నాకు అర్థమైంది.

మన మెస్ కమిటీ ఎన్నికల్లో రెండు గుంపులయ్యామని వార్డెన్ సార్ కోప్పడ్డారు. గుంపు కట్టడం తప్పు కాదేమో సార్! పప్పు నీళ్ళగా ఉందని పదిమంది కలిసి చెప్పడం కూడా ఒక పార్టీ లాంటిదే. కానీ కొట్టుకోవడం తప్పు. గెలిచినవాళ్ళను లెక్క అడగకపోవడం ఇంకా తప్పు.

మా అమ్మకు చదువు రాదు. గుర్తు చూసే ఓటు వేస్తుంది. ఆ మొదటి ఎన్నికల్లో గుర్తులు పెట్టింది మా అమ్మ లాంటివాళ్ళ కోసమే. ఈసారి సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు గుర్తు వెనక ఎవరున్నారో, ఏం చేశారో అమ్మకు చెప్తాను. మీరూ మీ ఇంట్లో చెప్పండి.

తప్పులుంటే క్షమించగలరు.

– పదో తరగతి విద్యార్థి