దుబాయిలో కొత్త ఇల్లు

దుబాయిలో పనిచేసే మా సంఘ సహోదరుడొకరు సెలవుకు వచ్చి, రంగుల బ్రోచరు మా ముందుంచి, "అయ్యగారూ, కొనమంటారా?" అని అడిగారు. ఇల్లింకా పునాదిలోనే ఉంది. బొమ్మలో మాత్రం ఈతకొలను కూడా ఉంది!

ఆశపడటంలో తప్పులేదు. 2006 నాటి చట్టం ప్రకారం అక్కడ నిర్ణీత ప్రాంతాలలో విదేశీయులు పూర్తి హక్కుతో ఇల్లు కొనవచ్చును. వాయిదాల సౌకర్యమూ ఉన్నది.

అయితే 2008 చివర ధరలు కూలినప్పుడు ఎన్నో కట్టడాలు మధ్యలో ఆగిపోయాయి. డబ్బు కట్టినవారికి మిగిలింది రసీదులే. కట్టే సొమ్ము ఆ ప్రాజెక్టు ఎస్క్రో ఖాతాలోనే జమకావాలని 2007 నుండి చట్టమున్నది. కాబట్టి ఏజెంటు చేతికి పైకం ఇవ్వవద్దన్నాము. రిజిస్ట్రేషనుకు వెలలో 4 శాతం, తరువాత ఏటేటా నిర్వహణ రుసుము కూడా లెక్క వేయించాము.

"బాబూ, ఆరు నెలలు ఉద్యోగం లేకపోతే వాయిదా ఎలా కడతావు?" అని అడిగాము. ఆయన మాట్లాడలేదు.

"అత్తయ్యగారి ఇల్లు తాకట్టు పెడదామనుకున్నామండీ" అన్నది భార్య, మెల్లగా.

మేము కూర్చున్నది ఆ ఇంటి అరుగు మీదే. లోపల ఆ తల్లి మాకు టీ కాస్తున్నది. ఆమెకు ఈ సంగతి ఇంకా చెప్పలేదట.