కర్లపాలెం డాట్ భారత్!

బాపట్ల పక్కనున్న కర్లపాలెం పేరులో ఎన్ని అక్షరాలు? ఒకటో తరగతి పిల్లాణ్ని అడగండి, వేళ్లు మడిచి ‘నాలుగు’ అంటాడు. కంప్యూటర్‌ని అడిగితే తొమ్మిదంటుంది! క, ర, పొల్లు, ల, ప, దీర్ఘం, మళ్లీ ల, ఎత్వం, సున్నా... దాని లెక్కలో అన్నీ విడివిడి ముక్కలే. ఇంటర్నెట్‌లో ఊరి పేరు తెలుగులో పెట్టుకోవాలంటే ఈ లెక్కే కీలకం.

వెబ్‌సైట్ పేర్లకు 1980ల్లో నియమాలు రాసుకున్నప్పుడు చోటిచ్చింది ఇంగ్లిష్ అక్షరాలకూ, అంకెలకూ, చిన్న అడ్డగీతకే. చుక్కకూ చుక్కకూ మధ్య 63కు మించకూడదు. గీతతో మొదలవకూడదు, ముగియకూడదు. మరి మన లిపి? 2003లో ఓ ఉపాయం కనిపెట్టారు. మనం తెలుగులో టైపు చేస్తే బ్రౌజరే దాన్ని ఇంగ్లిష్ అక్షరాలూ అంకెల మూటగా మార్చి పంపుతుంది. ఆ మూట ముందు ‘ఎక్స్, ఎన్, రెండు గీతలు’ గుర్తుగా ఉంటాయి. 2011లో ‘.భారత్’ తెలుగు లిపిలోనూ ఇంటర్నెట్ మూల జాబితాకెక్కింది.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. మన జ, బ, ర, ల కన్నడంలోనూ చూపుకు దాదాపు అలాగే ఉంటాయి, యంత్రానికి మాత్రం వేరు. బ్యాంకు పేరులో ఒక్క అక్షరం మార్చి మోసగాడు దొంగ సైట్ పెడితే? అందుకే తొమ్మిది భారతీయ లిపులకు నిపుణుల బృందం కూర్చుని నియమాలు రాసింది. తెలుగువి 2019లో ఖరారయ్యాయి. చుక్క తర్వాత చివర వచ్చే పేర్లకు ఇవి వర్తిస్తాయి. గుణింతపు గుర్తుతో పేరు మొదలవకూడదు, పొల్లు హల్లు మీదే రావాలి. కన్నడంతో కలిసిపోయే పేరు ఒకరికిస్తే, రెండోది ఇంకెవరికీ దక్కదు. ‘సాఫ్ట్‌వేర్’లో ట కింద వ ఒత్తు పడకుండా ఆపే కనిపించని గుర్తుకూ అక్కడ ప్రవేశం లేదు.

కానీ వినికిడికి ఒకటైన పేర్ల మాటేమిటి? ‘కర్లపాలెం’, ‘కర్లపాలెమ్’ రెండూ నియమాలకు లోబడినవే, యంత్రానికి మాత్రం రెండు వేర్వేరు చిరునామాలు. నెల్లూరు వైపు వాళ్లు ‘పాళెం’ అని రాస్తే మూడోది. ఇంగ్లిష్‌లోనూ ఈ తంటా ఉంది, ‘పా’కు ఒక ‘ఏ’నా, రెండా అని. పేర్లు ముందు అడిగినవారికే ఇస్తారు కాబట్టి, ఊరి పేరుతో సైట్ పెట్టాలనుకునేవారు మిగతా రూపాలూ కొనుక్కోవడం మేలు. ఖర్చు పెరుగుతుందనుకోండి!

తీరా పేరు దక్కాక, తెలుగు ఈమెయిల్ చిరునామా ఇస్తే ‘చెల్లదు’ అని తిప్పికొట్టే దరఖాస్తు పేజీలు ఇప్పటికీ ఉన్నాయి.