తుపాను ఒక్కటే – మాటలు వేరు

"వాతావరణ మార్పు" అనే మాట మన సైన్సు పుస్తకంలో ఉంది. నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకుంటున్నాం. అదే మాట పూండి స్టేషను దగ్గర టీ బడ్డీలో అనండి, ఒకరు నమ్ముతారు, ఒకరు నవ్వుతారు. చదువు లేక నవ్వుతున్నారని కొందరంటారు గాని నాకలా తోచదు. మనిషి దేన్ని విలువగా చూసుకుంటాడో దాన్నిబట్టే ఈ సంగతి అతని చెవికెక్కుతుంది.

ముందు అసలు విషయం. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాలిస్తే కార్బన్ డయాక్సైడు వస్తుంది. యంత్రాల కాలానికి ముందు గాలిలో పది లక్షల పాళ్ళకి అది సుమారు 280 పాళ్ళుండేది, ఇప్పుడు 420 దాటింది. అది దుప్పటిలాగ వేడిని పట్టి ఉంచుతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం సముద్రమే తాగుతుంది. సముద్రం వేడెక్కితే తుపానుకి బలం. తుపాన్ల లెక్క పెరుగుతుందని కాదు, వచ్చినవాటిలో గట్టివి ఎక్కువవుతాయని శాస్త్రజ్ఞుల మాట.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 కిలోమీటర్ల పైమాటే. ఉద్యానవనం అనే మాటే ఉద్దానం అయిందంటారు, అలాంటిచోట కొబ్బరి, జీడి చెట్లు లక్షల్లో కూలిపోయాయి. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు.

సెలవుల్లో ఒక కొబ్బరి రైతుని దీని గురించి అడిగాను. "తుపాను ఎప్పుడు రానేదు గుంటడా? మా తాతల నాడూ వచ్చింది. పడిపోయిన సెట్టుకి ఎంతిస్తారో అది సెప్పు" అన్నాడు. ఆయనకి చెట్టే ఆస్తి, తాత ఇచ్చిన గుర్తు. ధ్రువాల దగ్గర మంచు కరిగితే ఆయనకేమిటి? గాలికి అడ్డంగా సరుగుడు వరసలు వేసే సంగతి ఎత్తగానే మాత్రం గంటసేపు మాట్లాడాడు.

కొండమీద మా తాతనడిగితే, "అడివి నరికేసినారు, కొండదేవతకి కోపమొచ్చింది" అన్నాడు. నవ్వకండి. కార్బన్ పేరు తెలియకపోయినా, తప్పు మనుషులదేనని ఆయన ఒప్పుకున్నాడు. కాకపోతే పూజతో సర్దుకుంటుందనుకుంటున్నాడు, అక్కడ నాకూ ఆయనకీ పడదు.

నమ్మకం పనికిరాదనుకునేవారు టెక్కలి దగ్గర తేలినీలాపురం చూడాలి. ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి గూళ్ళు కడతాయి. అవి వస్తే వానలు, పంటలు బాగుంటాయని ఊరివారి నమ్మకం. అందుకే వాటిని కాపాడుకుంటున్నారు.

సోంపేట బీల సంగతి ఇంకా పెద్దది. అక్కడ బొగ్గుతో కరెంటు తీసే కేంద్రం కడతామంటే రైతులు, మత్స్యకారులు ఎదిరించారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ నెలలోనే పర్యావరణ అనుమతి రద్దయింది, కేంద్రం కట్టలేదు. వారు ముందుగా అడిగింది భూగోళం గురించి కాదు, బీల నీరు, చేపలు, వరి గురించి. అయినా అక్కడ బొగ్గు కాలలేదు. మరోపక్క, పొట్టకోసం చెన్నై వలసపోయే ఇంట్లో ఫ్యాక్టరీ వస్తే బాగుణ్ణని అనుకుంటారు. పిల్లలు ఇంటిదగ్గరుండాలన్నది కూడా విలువే కదా! వారిని చెడ్డవారనడం నాకిష్టంలేదు, వారికి బొగ్గు లేని పని చూపించాలి.

ఇక మనం. బల్బు, ఫ్యాను, వారానికో సినిమా, ఇంతే మన వాడకం. దుప్పటి మందం చేసింది ఎక్కువగా ధనిక దేశాలు. న్యాయం ముఖ్యమనుకునేవాడికి ఇది కోపం తెప్పిస్తుంది, నాకూ తెప్పిస్తోంది. మీ ఊరి పెద్దలు ఏమంటున్నారో అడిగి, వారి మాటల్లోనే రాసివ్వండి. వచ్చే సంచికలో పెడదాం.